సైనికుల కోసం పెట్టిన రేడియోను జనం ఎందుకు విన్నారు?

రేడియో సిలోన్ (అంటే శ్రీలంక రేడియో) అనగానే పాత తరం శ్రోతలకు గుర్తొచ్చేది పాటలే. హిందీ పాటలంటే అనౌన్సర్ అమీన్ సయానీ, తెలుగు పాటలంటే అనౌన్సర్ మీనాక్షి పొన్నుదొరై. ఆ పాటల్ని సముద్రం దాటించిన ట్రాన్స్‌మిటర్ మొదట ఎవరిదో మాత్రం చాలామందికి తెలియదు. అది సైన్యానిది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సేనాని మౌంట్‌బాటన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండ్, తన బలగాల కోసం కొలంబోలో ఒక స్టేషన్ పెట్టింది. దాని పేరు రేడియో సియాక్. ఇంటికి దూరంగా, బర్మా అడవుల్లో జపాన్‌తో పోరాడుతున్న సైనికులకు వార్తలు, పాటలు, ఇంటి కబుర్లు అందించడం దాని పని. కొలంబోకి దగ్గర్లోని ఏకలలో 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ బిగించారు. అయితే అది పనిలోకి వచ్చేసరికి 1946 అయింది, అప్పటికి యుద్ధమే ముగిసిపోయింది. ఎవరి కోసం తెచ్చారో ఆ సైనికులు ఇళ్లకు వెళ్లిపోతున్నారు, యంత్రం మాత్రం మిగిలింది. 1949లో దాన్ని సిలోన్ ప్రభుత్వానికి అప్పగించారు. మూడేళ్లు తిరిగాక, 1952లో మన సమాచార శాఖ మంత్రి బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. శ్రోతలంతా సిలోన్ వైపు మళ్లారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. ఆ పోటీకి తట్టుకోవడానికే ఆకాశవాణి 1957లో వివిధ భారతిని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎక్కడో యుద్ధం కోసం బిగించిన యంత్రం ఇంకో దేశపు రేడియో విధానాన్నే మార్చేసింది.

సైన్యం నడిపే రేడియో అంటే మనకు వెంటనే రెండు విషయాలు తోస్తాయి. ఒకటి ప్రచారం. రెండోది, తెల్లవారుజామున ట్యాంకులు దిగాక వినిపించే సైనిక కుట్ర ప్రకటన. రెండూ నిజమే, కానీ కథ అక్కడితో అయిపోదు. ఈ స్టేషన్లలో అమెరికన్ జాజ్‌ను యూరప్‌లో ఇంటింటికీ చేర్చినవి ఉన్నాయి. సొంత మంత్రికే మింగుడుపడని వార్తలు చదివినవీ ఉన్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే గందరగోళం. ఏ స్టేషన్ విషయంలోనైనా మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: ఎవరితో మాట్లాడాలని పెట్టారు? నిజానికి విన్నది ఎవరు? ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? నా ఉద్దేశంలో ఈ మూడింటికీ వచ్చే జవాబులు ఎంత భిన్నంగా ఉంటే ఆ స్టేషన్ కథ అంత ఆసక్తిగా ఉంటుంది.

అసలు రేడియోని జనానికి సేవగా వాడటంలో సైన్యమే కొంత ముందు నడిచింది. పారిస్‌లోని ఈఫిల్ టవర్‌కి మొదట ఇచ్చిన అనుమతి 20 ఏళ్లే. 1909తో గడువు తీరాక దాన్ని విప్పేయాలి. అది నిలబడటానికి ఒక ముఖ్య కారణం, గుస్తావ్ ఫెరియే అనే సైనికాధికారి దాని మీద వైర్‌లెస్ స్టేషన్ నడపడం. 1910 నుంచి ఆ టవర్ సరైన సమయాన్ని సంకేతాలుగా పంపేది. సముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టాలంటే ఖచ్చితమైన గడియారం కావాలి కాబట్టి ఆ సంకేతాలు నావికులకు ప్రాణాధారం. అట్లాంటిక్‌కి అవతల, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో అమెరికా నౌకాదళం 1913 నుంచి ఇదే పని చేసింది. ఓడలతో పాటు ఊళ్లలో గడియారాలు అమ్మేవాళ్లు కూడా ఆ సంకేతం పట్టుకుని తమ గడియారాలు సరిచేసుకునేవాళ్లు. 1921 చివర్లో ఈఫిల్ టవర్ మాటలు, సంగీతం కూడా ప్రసారం చేయడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం చెప్పింది. జనం కోసమే పనిచేసే రేడియో సంస్థలు చాలా దేశాల్లో అప్పటికింకా పుట్టనే లేదు.

తర్వాత వచ్చిన రెండో ప్రపంచ యుద్ధం పద్ధతినే మార్చింది. 1942లో అమెరికా సైన్యం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రేడియో సర్వీస్‌ను పెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో దాని కార్యాలయం. దేశంలో ప్రసారమయ్యే పేరున్న రేడియో షోలను తీసుకుని, వాటిలో ప్రకటనలు కత్తిరించి, 16 అంగుళాల డిస్కుల మీద మళ్లీ రికార్డు చేసి ప్రపంచమంతా ఉన్న స్థావరాలకు పంపేవాళ్లు. అదే సమయంలో అమెరికాలో సంగీతకారుల సంఘం రికార్డింగ్ కంపెనీల మీద సమ్మెలో ఉంది. 1942 ఆగస్టు నుంచి కొత్త పాటలు డిస్కులకెక్కడమే దాదాపు ఆగిపోయింది. సైనికుల కోసమైతే వాయిస్తాం, కానీ ఆ డిస్కులు బజారులో అమ్మకూడదు అని సంఘం ఒప్పుకుంది. అలా వచ్చినవే వీ-డిస్కులు. 12 అంగుళాల ఆ డిస్కుల్లో ఒక్కో వైపు మామూలు రికార్డు కన్నా ఎక్కువ నిడివి పట్టేది. అందుకే జాజ్ వాద్యకారులు వాచీ చూసుకోకుండా మనసారా వాయించగలిగారు. యుద్ధమయ్యాక ఒప్పందం ప్రకారం చాలా డిస్కుల్ని ధ్వంసం చేశారు. సైనికులు దాచుకున్నవి కొన్ని మిగిలాయి. సమ్మె కాలంలో పుట్టిన సంగీతం ఈ రోజు మనకు వినిపిస్తోందంటే అందులో వాటి వాటా చాలా ఉంది.

1943 జులై 4న లండన్ నుంచి అమెరికన్ ఫోర్సెస్ నెట్‌వర్క్, అంటే ఏఎఫ్ఎన్, మొదలైంది. అప్పటికి బ్రిటన్‌లో రేడియో అంటే బీబీసీ ఒక్కటే. తన శ్రోతలు అమెరికన్ స్టేషన్ వైపు పోతారేమోనని దానికి బెంగ. అందుకే ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ బదులు, 50 వాట్ల చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లను శిబిరాల పక్కనే పెట్టి, లండన్ స్టూడియో నుంచి టెలిఫోన్ లైన్ల ద్వారా కార్యక్రమాలు పంపారు. సంకేతం శిబిరం దాటి ఎక్కువ దూరం పోకూడదన్నది ఉద్దేశం. కానీ గాలికి కంచె వేయలేరు కదా. శిబిరం చుట్టుపక్కల ఇళ్లలో రేడియోలు దాన్ని పట్టుకున్నాయి. ఈ అనుకోని శ్రోతలకు స్టేషన్ వాళ్లు నీడ శ్రోతలు అని పేరు పెట్టుకున్నారు.

నీడ శ్రోతలు అసలు శ్రోతల్ని మించిపోయింది జర్మనీలో. 1945 జులైలో మ్యూనిక్‌లో, ఆగస్టులో బెర్లిన్‌లో ఏఎఫ్ఎన్ మొదలైంది. నాజీల కాలంలో విదేశీ రేడియో వినడం నేరం, దానికి కఠిన శిక్షలుండేవి. జాజ్‌ను హీనమైన సంగీతంగా చూసేవాళ్లు. అలాంటి చోట, ఏ భయమూ లేకుండా మీట తిప్పితే చాలు, అమెరికన్ జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ వినిపించాడు. ఒక తరం జర్మన్ యువకులు ఏఎఫ్ఎన్ విని ఇంగ్లీషు నేర్చుకున్నారు, గిటార్ పట్టుకున్నారు. గోడకు అవతలి తూర్పు బెర్లిన్‌లోనూ అది వినిపించేది. జపాన్‌లో ఇదే పాత్రను ఫార్ ఈస్ట్ నెట్‌వర్క్ పోషించింది. టోక్యోలో 810 కిలోహెర్ట్జ్ మీద దొరికే ఆ స్టేషన్ నుంచే చాలామంది జపాన్ వాద్యకారులు అమెరికన్ పాటలు నేర్చుకుని వాయించారు.

వాళ్లు దాన్ని ఎందుకంత ఇష్టపడ్డారు? సంగీతం ఒక్కటే కారణం కాదని నాకనిపిస్తుంది. ఏఎఫ్ఎన్ జర్మన్లను ఉద్దేశించి మాట్లాడలేదు. వాళ్లను మార్చాలనీ ఒప్పించాలనీ చూడలేదు. తన సైనికులతో మాట్లాడుకుంటూ పోయింది. జీప్ నెమ్మదిగా నడపండి, యూనిఫాం సరిగ్గా వేసుకోండి, ఫలానా జబ్బులతో జాగ్రత్త అని హెచ్చరించింది. విజేతలు తమలో తాము ఏం మాట్లాడుకుంటారో బయటివాళ్లకు చాటుగా వినబడింది. పన్నెండేళ్లు ప్రచారంలో మునిగి తేలిన జనానికి, తమను పట్టించుకోని గొంతే నమ్మదగినదిగా తోచింది. ఈ నమ్మకం ఎవరూ పథకం వేసి సంపాదించింది కాదు.

ఏఎఫ్ఎన్ లాంటి సైనిక స్టేషన్లు పూర్తి స్వేచ్ఛతో నడిచాయని దీనర్థం కాదు. వియత్నాం యుద్ధ కాలంలో, 1970 జనవరిలో సైగాన్‌లోని అమెరికా సైనిక టీవీ వార్తల్లో, న్యూస్‌రీడర్‌గా ఉన్న ఒక సైనికుడు బులెటిన్ చివర్లో కెమెరా వైపు చూస్తూ, మమ్మల్ని వార్తలు చెప్పనివ్వడం లేదు, సెన్సార్ చేస్తున్నారు అని చెప్పేశాడు. అతన్ని ప్రసారాల నుంచి తప్పించి వేరే చోటుకి బదిలీ చేశారు. మైకు ముందున్న మనిషికి ర్యాంకు ఉంటుంది, పైన అధికారి ఉంటాడు, ఆజ్ఞ ఉంటుంది. ప్రైవేటు చానల్లో యజమాని నచ్చకపోతే ఉద్యోగం మానేయొచ్చు. సైనికుడికి ఆ దారి లేదు.

నీడ శ్రోతలకూ ఒక లోటు ఉంది. వాళ్లకు స్టేషన్ మీద హక్కేమీ ఉండదు. సైన్యం వెళ్లిపోతే స్టేషన్ కూడా పోతుంది. బెర్లిన్ ఏఎఫ్ఎన్ 1994లో మూగబోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతంలో దశాబ్దాల పాటు వినిపించిన 873 కిలోహెర్ట్జ్ ప్రసారం 2013లో ఆగింది. ఇంకోపక్క, ఇలాంటి ప్రసారాలు చిన్న దేశానికి ముప్పుగానూ తోచవచ్చు. ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ స్థావరంలో అమెరికన్లు 1955లో టీవీ మొదలుపెట్టారు. అప్పటికి ఐస్‌లాండ్‌కి సొంత టీవీ లేదు. రాజధాని ఇళ్లలో యాంటెన్నాలు స్థావరం వైపు తిరిగాయి. 1964లో అక్కడి 60 మంది ప్రముఖులు దీన్ని స్థావరానికే పరిమితం చేయాలని పార్లమెంటుకు విజ్ఞప్తి చేశారు. 1966 సెప్టెంబరులో ఐస్‌లాండ్ సొంత టీవీ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. తర్వాత స్థావరం ప్రసారాలు బయటికి రాకుండా కట్టడి చేశారు.

ఇక జనాన్నే ఉద్దేశించి సైన్యం పెట్టే రేడియోలు. ఇక్కడ వ్యవహారం పూర్తిగా తారుమారవుతుంది. 2001 అక్టోబరులో అమెరికా విమానాలు అఫ్ఘానిస్థాన్ మీద బాంబులతో పాటు ఆహార పొట్లాలు కూడా వేశాయి. పొట్లం పసుపుపచ్చ ప్లాస్టిక్‌లో ఉంటుంది. క్లస్టర్ బాంబుల్లోంచి పడి పేలకుండా మిగిలే చిన్న గుండ్ల రంగూ పసుపే. ఈ ప్రమాదం తెలిశాక, గాల్లో ఎగురుతూనే రేడియో ప్రసారం చేసే కమాండో సోలో విమానాల నుంచి అఫ్ఘాన్ భాషల్లో హెచ్చరికలు చదివారు: పొట్లం చతురస్రంగా ఉంటుంది, బాంబు గుండ్రని డబ్బాలా ఉంటుంది, బాంబు పడ్డ చోటుకి వెళ్లకండి అని. తర్వాత పొట్లాల రంగు మారుస్తామని పెంటగాన్ ప్రకటించింది. ఆ హెచ్చరిక అవసరమైనదే, కొన్ని ప్రాణాలు కాపాడి ఉండొచ్చు కూడా. కానీ వినేవాడి స్థానంలో ఒక్క క్షణం ఉండి చూడండి. అన్నం పొట్లం, బాంబు, హెచ్చరిక మూడూ ఒకే ఆకాశం నుంచి, ఒకే సైన్యం దగ్గర్నుంచి వస్తున్నాయి. ఆ గొంతును ఎంతవరకు నమ్మాలి?

తర్వాతి ఏళ్లలో అఫ్ఘానిస్థాన్‌లోని మారుమూల స్థావరాల్లో పెట్టెలో రేడియో అనే పద్ధతి వచ్చింది. ఒక పెట్టెలో చిన్న ట్రాన్స్‌మిటర్, మైకు, పాటలు వేసే పరికరం, బయట ఒక యాంటెన్నా. స్టేషన్ అంటే అంతే. చదువుకున్నవాళ్లు తక్కువ, కరెంటు అసలే లేదు. అందుకని చేత్తో తిప్పితే పనిచేసే రేడియోలు ఊళ్లలో పంచారు. స్థానికుణ్నే అనౌన్సర్‌గా పెట్టుకుని పష్తో పాటలు, కవిత్వం, ఆరోగ్య సలహాలు, మధ్యమధ్య సైన్యం చెప్పదలచుకున్న మాటలు ప్రసారం చేశారు. వినేవాళ్లు పాటలు కోరుతూ ఉత్తరాలు రాశారు. పాటల కోసమే విన్నంత మాత్రాన సైన్యం మాటలకు తలూపుతారని అనుకోవడానికి లేదు. ఇక అనౌన్సర్‌గా పనిచేసిన స్థానికులకు తాలిబన్ల నుంచి ముప్పు ఎప్పుడూ ఉండేది. ఇలాంటి స్టేషన్లలో అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించేది వాళ్లే, వాళ్ల గురించే ఎవరూ ఎక్కువగా రాయరు.

2010లో హైతీ భూకంపం తర్వాత ఇదే కమాండో సోలో విమానం వేరే పని చేసింది. నీళ్లు, ఆహారం ఎక్కడ దొరుకుతాయో చెప్పింది. దాంతో పాటే, పడవలెక్కి అమెరికా వైపు రావద్దు, వచ్చినా వెనక్కి పంపేస్తారు అని అమెరికాలోని హైతీ రాయబారి చేత వాళ్ల క్రియోల్ భాషలోనే చెప్పించి ప్రసారం చేసింది. సాయం ఎక్కడ ఆగి సొంత ప్రయోజనం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. సైన్యం నేరుగా జనంతో మాట్లాడినప్పుడల్లా ఈ చిక్కు వస్తుంది. విశ్వసనీయత మీద బతికే రేడియో సంస్థలకు ఇది బాగా తెలుసు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా సైనికుల మనోధైర్యం దెబ్బతీయడానికి బ్రిటిష్ రక్షణ శాఖ స్పానిష్ భాషలో ఒక స్టేషన్ పెట్టి, అందుకోసం అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవిలో ఉన్న బీబీసీ ట్రాన్స్‌మిటర్‌ను స్వాధీనం చేసుకుంది. బీబీసీ అభ్యంతరం చెప్పింది. పక్కపక్క ఫ్రీక్వెన్సీల్లో ఒకరి మాట ఇంకొకరి మాటగా చెలామణి అయితే పోయేది తమ పరువేనని దాని భయం.

సొంత దేశ ప్రజలతోనే సైన్యం మాట్లాడే చోట ప్రశ్న నమ్మకం దగ్గర ఆగదు, అధికారం దాకా పోతుంది. గ్రీస్‌లో సాయుధ దళాలకు సొంత రేడియో, తర్వాత సొంత టీవీ ఉండేవి. 1967లో కల్నల్ హోదా సైనికాధికారులు అధికారం లాక్కున్నాక అవి వాళ్ల గొంతుకలయ్యాయి. 1973 నవంబరులో ఏథెన్స్ పాలిటెక్నిక్‌లో తిరగబడ్డ విద్యార్థులు, ల్యాబులో దొరికిన సామాన్లతోనే ట్రాన్స్‌మిటర్ తయారుచేసుకుని నగరంతో మాట్లాడారు. నవంబరు 17 తెల్లవారుజామున ట్యాంకు గేటు విరగ్గొట్టే దాకా ఆ ప్రసారం సాగింది. నగరంలో అన్ని వసతులూ ఉన్న సైనిక స్టేషన్ ఉన్నా జనం చెవులు మాత్రం ఆ ల్యాబు ట్రాన్స్‌మిటర్ వైపే ఉన్నాయి. మరుసటి ఏడాది నియంతృత్వం కూలింది. సైనిక ప్రసార సంస్థ మాత్రం 1982 దాకా కొనసాగింది. ఆ ఏడాది దాన్ని పౌర సంస్థగా మార్చి రెండో ప్రభుత్వ చానల్ చేశారు.

థాయిలాండ్‌లో ఇది వ్యాపారం కూడా. అక్కడి సైన్యం చేతిలో వందకు పైగా రేడియో స్టేషన్లు ఉంటూ వచ్చాయి. వాటిలో వినిపించేది ఎక్కువగా మామూలు పాటలు, కబుర్లు, ప్రకటనలే. ఎందుకంటే సైన్యం ఫ్రీక్వెన్సీని ప్రైవేటు కంపెనీలకు అద్దెకిస్తుంది. శ్రోతకు అది ఎవరి స్టేషనో కూడా గుర్తుండదు. 1997 రాజ్యాంగం ఫ్రీక్వెన్సీలు ప్రజల ఆస్తి అని రాసింది. అయినా సైన్యం పట్టు సడలడానికి అది చాలలేదు. 2014 మేలో సైనిక కుట్ర జరిగిన రోజున దేశంలోని రేడియోలు, టీవీలన్నీ సైన్యం చెప్పిందే ప్రసారం చేశాయి. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న ఇంటర్నెట్, ప్రభుత్వ టీవీ మూగబోయిన ఉదయం, సైన్యం సొంత చానల్ మ్యావాడి మాత్రం నడుస్తూనే ఉంది. ఎమర్జెన్సీ ప్రకటన అందులోనే వచ్చింది. మామూలు రోజుల్లో పాటలు వేసే స్టేషన్‌ను సైన్యం ఎందుకు అట్టిపెట్టుకుంటుందో అలాంటి ఉదయాలు చెబుతాయి.

భారతదేశం మొదట్లో వేరే దారి పట్టింది. సైనికుల కోసం ప్రత్యేక రేడియో పెట్టకుండా, వివిధ భారతిలో జయమాల కార్యక్రమం పెట్టి ఫౌజీ సోదరులు కోరిన పాటలు వేసింది. అంటే పౌర రేడియోనే సైనికుడి దగ్గరకు వెళ్లింది. ఈ మధ్య సైన్యం కూడా చిన్న స్టేషన్లు నడుపుతోంది. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఐబెక్స్ తరానా, కశ్మీర్‌లోని సోపోర్‌లో రేడియో చినార్ అలాంటివే. స్థానిక గాయకులు, ఉద్యోగ సమాచారం, వాతావరణం, చదువు లాంటివి వినిపిస్తారు. కొండ ప్రాంతాల్లో ఇది పనికొచ్చే సేవ. అయితే మన దేశంలో కమ్యూనిటీ రేడియోలకు సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేసే అనుమతి లేదు. ఊరి సంస్థ నడిపినా సైన్యం నడిపినా, రోడ్డు ఎందుకు మూశారన్న ప్రశ్నకు జవాబు వెతికే బులెటిన్ అక్కడ ఉండదు.

వీటన్నిటిలో ఏ పెట్టెలోనూ ఇమడనిది ఇజ్రాయెల్‌లోని గలే త్సాహల్. జనం గలాట్జ్ అంటారు. 1950 సెప్టెంబరులో సైన్యమే పెట్టింది. ఇన్నేళ్లుగా దేశమంతా వినే ప్రధాన వార్తా రేడియోల్లో ఒకటి. పౌర జర్నలిస్టులతో పాటు, తప్పనిసరి సైనిక సేవలో ఉన్న పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు అక్కడ రిపోర్టర్లు, ఎడిటర్లు, టెక్నీషియన్లు. ఆ దేశపు పేరున్న జర్నలిస్టుల్లో చాలామంది అక్కడే యూనిఫాంలో పని నేర్చుకున్నారు. 1993లో దానికి తోడుగా పాటలు, ట్రాఫిక్ సమాచారం ఇచ్చే గల్‌గలాట్జ్ వచ్చింది.

2016లో గలాట్జ్ తన విద్యా కార్యక్రమంలో పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ గురించి చర్చ ప్రసారం చేసింది. రక్షణ మంత్రి లీబర్‌మన్ స్టేషన్ అధిపతిని పిలిపించి సంజాయిషీ అడిగారు. సైన్యం రేడియోలో శత్రుపక్షం కవి గురించి పాఠమా అన్నది ఆయన అభ్యంతరం. విశ్వవిద్యాలయ స్థాయి కార్యక్రమంలో ఆ కవి గురించి చెప్పకపోతే ఎలా అన్నది స్టేషన్ వైపు వాదన. ఒకే స్టేషన్ సైన్యపు విభాగం, ప్రజా ప్రసార సంస్థ రెండూ అయితే ఏదో ఒక రోజు ఈ గొడవ రాక తప్పదు. అక్కడి పత్రికా స్వేచ్ఛావాదుల్లో కూడా, ప్రజాస్వామ్యంలో సైన్యం వార్తలు చెప్పడమేమిటని చాలాకాలంగా అడిగేవాళ్లు ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే.

2025 నవంబరులో రక్షణ మంత్రి ఇజ్రాయెల్ కాట్జ్ ఆ స్టేషన్‌ను 2026 మార్చి 1 నాటికి మూసేస్తామని ప్రకటించారు. అందులో వచ్చే రాజకీయ చర్చలు సైన్యానికి చేటు చేస్తున్నాయన్నారు. డిసెంబరులో మంత్రివర్గం దాన్ని ఆమోదించింది. అటార్నీ జనరల్ వ్యతిరేకించారు, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. సైన్యం వార్తల రంగం నుంచి తప్పుకోవడం సూత్రప్రాయంగా మంచిదే. కానీ సైన్యం చేతిలోంచి స్టేషన్‌ను తీసి పౌర సంస్థకు అప్పగించడం ఒకటి, ప్రభుత్వానికి నచ్చని వార్తల గదిని మంత్రి చేత్తో మూయించడం ఇంకొకటి. గ్రీస్ మొదటి పని చేసింది. కాట్జ్ ప్రతిపాదన రెండోది. ఆ ప్రతిపాదన ప్రకారం పాటలు, ట్రాఫిక్ కబుర్లు చెప్పే గల్‌గలాట్జ్ కొనసాగుతుంది. ఆగేది వార్తలు చదివే స్టేషన్ ఒక్కటే.